ముప్పై అయిదు మీద నిలబడని మీటరు

ఆ వేసవంతా మా ఇంట్లో ఒక అంకె పెత్తనం చేసింది. ముప్పై అయిదు. మీటరు మీద ఆ అంకె కనిపించిన పూట నేను కాస్త మనిషిలా అన్నం తినేవాణ్ని. కనిపించని పూట నన్ను పలకరించినవాళ్ల పని అంతే సంగతులు.

మీటరు మా ఆవిడ కోమలి చేపల తొట్టిది. మా అమ్మాయి ఐశ్వర్య రెండేళ్ల కిందట నర్సింగ్ చదువుకని చిత్తూరు హాస్టల్‌కి వెళ్లాక, తిరుపతి తిరుచానూరు రోడ్డులోని మా ఇంట్లో ఒక గది ఖాళీ అయింది. వారం తిరక్కుండానే కోమలి అందులో నాలుగడుగుల గాజు తొట్టి పెట్టించింది. మామూలు చేపలైతే నేనూ పట్టించుకునేవాణ్ని కాదు. ఇది ఉప్పునీళ్ల తొట్టి. తాగే నీళ్ల ట్యాంకర్ కోసం బిందెలు వరస పెట్టే వీధిలో, ఫిల్టర్ నీళ్లలో ఉప్పు పొడి కలిపి సముద్రం తయారు చేసి, నారింజ రంగు మీద తెల్ల పట్టీలుండే క్లౌన్ చేపల జతను పెంచుతోంది ఈ మహాతల్లి. ఆడది వేలెడంత ఉంటుంది. మగది దాంట్లో సగం.

ఆ జత గుడ్లు పెట్టి, వాటి పిల్లలు బతికి బట్టకడితే ఎన్నైనా తీసుకుంటానని లీలామహల్ దగ్గర చేపల దుకాణం ఆఫ్తాబ్ మాటిచ్చాడు. ఈ చేపల పిల్లల్ని ఇంట్లో బతికించినవాళ్లు తనకు తెలిసి ఊళ్లో లేరని కూడా అన్నాడు. ఆ రెండో మాటే కోమలి తలకెక్కింది. దానికి నలభై ఒకటో ఏడు వచ్చాక మొదటిసారి "నా పని" అనే మాట దాని నోటివెంట విన్నాను. తొట్టి ముందు కూర్చుంటే కుక్కర్ ఎన్ని కూతలు కూసినా వినిపించేది కాదు.

ఇక నా సంగతి. నేను నాయుడుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ని. మీటర్లు నిజం చెబుతున్నాయో అబద్ధం చెబుతున్నాయో తేల్చడం నా ఉద్యోగం. నేను సరిచూసి, సంతకం పెట్టి, స్టిక్కర్ అంటించానంటే ఆ మీటరు మాటను మేనేజరు కూడా కాదనడు. అలాంటివాడి ఇంట్లో పెళ్లాం కంటితో చూసి, నాలుక మీద వేసుకుని ఉప్పు కలుపుతుంటే చూస్తూ ఊరుకోవడం నావల్ల కాలేదు. మార్చిలో నేనే ఒక సెన్సార్ తెప్పించి బిగించాను. నీళ్లలో మునిగి ఉండే కడ్డీ, దానికో వైరు, గోడ మీద అంకె చూపించే డబ్బా. సముద్రంలో ఉప్పు వెయ్యి పాళ్లకు ముప్పై అయిదు. కాబట్టి డబ్బా మీద ముప్పై అయిదు ఉండాలి. ఫ్యాక్టరీలో లాగే దాని మీద స్టిక్కర్ కూడా అంటించాను. సరిచూడడమైనది, తేదీ, మునికుమార్.

"ఇంట్లో దీన్ని ఎవురు సదవాల బావా?" అంది కోమలి. కోమలి మా మేనమామ మునిరామయ్య కూతురు. అందుకే పెళ్లయి ఇరవై రెండేళ్లయినా నేను బావనే, మా అమ్మ మునిరత్నమ్మ అత్తే.

"సదివేదానికి కాదుమే, నమ్మేదానికి," అన్నాను.

పది రోజులు బాగానే నడిచింది. పది రోజులకోసారి మీటరును సరిచూడడం నా నియమం. దానికని ఒక ద్రావణం సీసాలో దొరుకుతుంది, అంగట్లో తూకం రాయి లాంటిది. అందులో ఉప్పు ఖచ్చితంగా ముప్పై అయిదు ఉంటుంది. గ్లాసులో పోసి, కడ్డీని అందులో నిలబెట్టి, రెండూ గది వేడికి వచ్చాక, ఇదే ముప్పై అయిదు అని డబ్బాకు నేర్పాలి. నేను సాయంత్రం నిలబెట్టి పొద్దున నేర్పేవాణ్ని. తొందరపడేవాడు ఈ పనికి పనికిరాడని నా అభిప్రాయం.

అలా మొదటిసారి సరిచూసి కడ్డీని తొట్టిలో పెడితే, డబ్బా ముప్పై మూడు చూపించింది. ఉప్పు తగ్గిందన్నమాట. కోమలి చేతివాటం ఇంతేలే అనుకుని ఉప్పు కలిపి ముప్పై అయిదుకి తెచ్చాను. పది రోజులాగి రెండోసారి సరిచూస్తే మళ్లీ తక్కువ చూపించింది. మళ్లీ ఉప్పు కలిపాను. ఏప్రిల్ మొదటి వారం దాటాక ఇంకో వింత మొదలైంది. పొద్దున నేను డ్యూటీ బస్సెక్కే ముందు ముప్పై అయిదు ఉండేది, సాయంత్రం వచ్చి చూస్తే ముప్పై మూడున్నర. రాత్రికి ఉప్పు వేసి మళ్లీ ముప్పై అయిదుకి తెచ్చేవాణ్ని. తిరుపతి ఎండకు తొట్టిలో నీళ్లు ఆవిరైతే ఉప్పు చిక్కబడి అంకె పెరగాలి. తగ్గడమేమిటి? ఉప్పుకి రెక్కలొచ్చి కిటికీలోంచి ఎగిరిపోదు కదా.

సరే, సెన్సార్‌లోనే ఏదో రోగముందని పట్టుకున్నాను. కడ్డీ మొనకు గాలి బుడగలు అంటుకుంటున్నాయేమోనని మోటారుకు దూరంగా జరిపాను. మోటారులోంచి కరెంటు నీళ్లలోకి లీకవుతోందేమోనని ఒక ఆదివారమంతా ఇంట్లో ఒక్కొక్క ప్లగ్గే పీకి చూశాను. ఫ్రిజ్‌లో పాలు విరిగాయి, అమ్మ చూసే సీరియల్ పోయింది, అంకె మాత్రం కదల్లేదు. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా ఆపి మళ్లీ ఆన్ చెయ్యమంది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అదే మాట అదే మర్యాదతో చెప్పింది. నాలుగోసారి ఆ మర్యాదను భరించలేక నేనే పెట్టేశాను.

ఒక శుక్రవారం సాయంత్రం కడ్డీని పైకి తీస్తే మొన పసుప్పచ్చగా ఉంది. వాసన చూశాను. గంధం.

"అమ్మా, దీనికి గంధం పెట్టిందెవురు?"

అమ్మ వంటింట్లోంచి తాపీగా వచ్చింది. "ఎవురు పెడతారు, నేనే. కొత్త సామాను ఇంట్లోకొచ్చి నెలవతా ఉండాది, ఒక బొట్టుకు గతి ల్యా. శుక్రవారం పూటన్నా పెట్టొద్దా?"

"నీళ్ళలో ఉండేదాన్ని పైకి తీసి పెట్టినావా?"

"పైకి తీయకుండా నీళ్ళలోనే ఎట్ట పెడతార్రా?" అని నా తెలివికి జాలిపడి వెళ్లిపోయింది.

మెత్తటి బ్రష్షుతో గంధం కడిగాను. దొంగ దొరికాడని ఆ పూట హాయిగా భోంచేశాను కూడా. మరునాడు సాయంత్రం మళ్లీ ముప్పై మూడున్నర. నాకు పిచ్చెక్కిపోయింది. కడ్డీని గ్లాసులో నిలబెట్టి ఇంకోసారి సరిచూశాను, ఇంకో దోసెడు ఉప్పు వేశాను.

కోమలి చెప్పలేదని కాదు. మూడుసార్లు చెప్పింది. మొదటిసారి, "బావా, ఉప్పు తక్కవ కాలేదు, ఎక్కవైండాది. నాలిక మీద ఏసుకుంటే కరస్తా ఉండాయి నీళ్ళు," అంది. నీ నాలిక మీద స్టిక్కరుందా అని అడిగాను. రెండోసారి, "ఆడది పైకి పైకి వస్తా ఉండాది, మగోడు మూలకు చేరినాడు. మేత ముట్టలేదు. వాటిని సూడు ఒకతూరి," అంది. నేను వాటిని చూడలేదు, డబ్బా చూశాను. మూడోసారి ఆఫ్తాబ్‌ని పిలుద్దామంది.

"ఆయన్న దగ్గిర కంటికి పెట్టుకోని సూసే గొట్టం ఉండాది బావా. ఒక చుక్క ఏస్తే ఉప్పెంతో చెప్పేస్తాది."

"పద్దెనిమిదేండ్లుగా చేసే పనిమే ఇది. చేపల అంగిడాయన వచ్చి నా మీటరు సరిసూడాల్నా?"

కోమలి ఇక ఆ మాట ఎత్తలేదు. ఊరుకుందంటే ఒప్పుకుందనుకున్నాను.

ఏప్రిల్ చివర్లో తొట్టిలోని పెంకు ముక్క మీద ఆడది పెట్టిన గుడ్లు పగిలాయి. నూటికి పైగా పిల్లలు, ఒక్కొక్కటీ కనురెప్ప వెంట్రుక ముక్కంత. కోమలి వాటిని అదే నీళ్లతో చిన్న తొట్టిలోకి మార్చి, సంతోషం పట్టలేక ఐశ్వర్యకు ఫోన్లో చూపించింది. ఆ మధ్యాహ్నమే నారాయణవనం నుంచి కబురు. మునిరామయ్య మామ మోపెడ్ మీంచి పడ్డాడు, కుడి చెయ్యి విరిగింది, పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టిస్తున్నారు. అత్తయ్య పోయాక మామ ఒక్కడే ఉంటున్నాడు. కోమలి సంచీ సర్దుకుంది. గడప దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"ఉప్పు మాత్రం ఏయొద్దు బావా. నేనొచ్చేదాకా ఒక్క చిటికెడు కూడా వద్దు."

అయిదు రోజులు లేదు. ఆ అయిదు రోజుల్లో నేను మీటరును ఒకసారి సరిచూసి, రెండు తొట్లలోనూ రెండుసార్లు ఉప్పు వేశాను. విచిత్రంగా ఆ వారం అంకె సాయంత్రాలు పడిపోవడం మానేసింది. ముప్పై అయిదంటే ముప్పై అయిదే. నా పట్టుదలకు సెన్సార్ లొంగిందని మురిసిపోయాను. మూడో రోజు నుంచే చిన్న తొట్టి అడుగున పిల్లలు నలకల్లా పేరుకున్నాయి. అయిదో రోజుకి ఒక్కటీ మిగల్లేదు.

కోమలి సాయంత్రం బస్సు దిగి వచ్చింది. చీరకు కట్టు నూనె వాసన ఇంకా వదల్లేదు. చిన్న తొట్టి ముందు మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూసింది. అడగకముందే నేను అన్నాను.

"పిల్లలు పుట్టిన వారంలో ఇడిసిపెట్టి పోతే ఇంకేమవతాది? నువ్వు ఉండాల్సింది. మీటరు సూడు, ఇప్పుడు కూడా ముప్పై అయిదే ఉండాది." వేలుపెట్టి చూపించాను కూడా. ఆ వేలు ఇప్పుడు గుర్తొచ్చినా నాకు ఒళ్లు మండుతుంది.

తర్వాత మా అమ్మ కోసమని ఒక షరతు పెట్టాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు, హాల్లో దివాను మీద పడుకుంటోంది. గది కావాలి. ఇంకొక్క విడత గుడ్లు చూస్తాం, ఈసారీ బతక్కపోతే తొట్టిని ఆఫ్తాబ్‌కి ఇచ్చేసి గది అమ్మకిద్దాం అన్నాను. కోమలి సరేనంది. అంత సులువుగా ఒప్పుకుంటుందని నేననుకోలేదు.

ఆ నాటి నుంచి కోమలి ఇల్లు కదల్లేదు. మామకు పుత్తూరులో కట్టు మార్చే రోజు వచ్చింది. అమ్మ రెండుసార్లు గుర్తుచేసింది, ఎంతైనా సొంత తమ్ముడు. "గుడ్లు పెట్టేట్టు ఉండాది అత్తా, ఇప్పుడు పోలేను," అంది కోమలి. నా వైపు చూడలేదు. పక్కింటివాళ్లెవరో తోడు పోతారులే అని అమ్మ సర్దుకుంది.

మే మూడో వారంలో ఆడ చేప గుడ్లు పెట్టింది. అయిదో రోజుకి గుడ్లన్నీ తెల్లబడ్డాయి. పగలకముందే పోయాయి. నేను ఆఫ్తాబ్‌కి ఫోన్ చేసి ఆదివారం వచ్చి తొట్టి తీసుకెళ్లమన్నాను. కోమలి పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది, చెయ్యి ఆగలేదు.

సెన్సార్ మీద మాత్రం నా కసి తీరలేదు. తొట్టి పోతే పోయింది, ఇది చెత్త సరుకని రాతపూర్వకంగా తేల్చి అమ్మినవాళ్ల మొహాన కొట్టాలి. శనివారం కడ్డీనీ డబ్బానీ నా ద్రావణం సీసానీ సంచీలో వేసుకుని ఫ్యాక్టరీకి తీసుకెళ్లాను. ల్యాబ్‌లో కెమిస్టు ప్రసన్నకుమారి కొత్త సీసా తెరిచి, డబ్బాలో నేను నేర్పిందంతా చెరిపేసి, మొదటి నుంచి పరీక్షించింది.

"ప్రోబు బంగారం మాదిరుండాది సార్. ఏ దోషమూ లేదు."

"ఉండాది, మళ్ళీ సూడండి."

మళ్లీ చూసింది. అంతే. అప్పుడు నా సీసాలోది కొంచెం గ్లాసులో పోసి అందులో కడ్డీ పెట్టింది. అంకె ఎక్కుతూ పోయి నలభై నాలుగు దగ్గర ఆగింది. ముప్పై అయిదని రాసి ఉన్న సీసాలో నలభై నాలుగు. ఆమె సీసాను వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.

"వాడినాక పారబోస్తా ఉండారు కదా సార్?"

ఆమె వెనక గోడ మీద నాలుగేళ్ల కిందట నేనే రాసి అంటించిన కాగితం ఉంది. వాడిన ద్రావణాన్ని తిరిగి సీసాలో పోయరాదు. కింద నా సంతకం. ఫ్యాక్టరీలో పారబోసేది ఫ్యాక్టరీ సొమ్ము. ఇంట్లో మాత్రం బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకి, బట్టలు జాడించిన నీళ్లు బాత్‌రూమ్‌కి పోతాయి. మా అమ్మ కడుపున పుట్టి, గ్లాసెడు మంచి ద్రావణాన్ని మోరీలో పారబోయడానికి నాకు చెయ్యి రాలేదు. రాత్రంతా ఫ్యాను కింద ఆవిరైపోగా మిగిలిన దాన్ని ప్రతిసారీ జాగ్రత్తగా సీసాలోనే పోశాను. ప్రతిసారీ అది చిక్కబడింది. చిక్కబడ్డ ఉప్పును చూపించి, ఇదే ముప్పై అయిదు అని డబ్బాకు నేర్పాను. అది నేర్పినట్టే నమ్మి, తొట్టిలో ఉప్పు తక్కువైందని చెప్పింది. నేను వేశాను.

ప్రసన్నకుమారి ఆ కాగితం వైపు చూడలేదు. చూసి నవ్వినా బాగుండేది.

తిరుగు బస్సులో గంటన్నర సేపు నాతో నేనే బేరమాడుకున్నాను. ఎవరికి తెలుస్తుంది? రేపు తొట్టి వెళ్లిపోతుంది. ఎవరి ఇంట్లోనైనా ఒక వస్తువు చెడిపోతుంది, అదీ అంతే. ఇంటికొచ్చేసరికి కోమలి మంచినీళ్లు ఇచ్చి, "ఏం తేలింది బావా?" అని అడిగింది.

"దాంట్లోనే ఏందో తేడా ఉండాదంట," అన్నాను.

"అట్నా," అని గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది. నలభై అయిదేళ్లొచ్చి, పెళ్లాం ముందు ఇంత చిన్న మనిషినయ్యానా అనిపించింది.

ఆదివారం పదింటికి ఆఫ్తాబ్ ఆటో ట్రాలీతో వచ్చాడు. చేపల్ని సంచుల్లోకి తీసేముందు నీళ్లు ఎలా ఉన్నాయో చూడాలని జేబులోంచి చిన్న గొట్టం తీసి, ఒక చుక్క వేసి, కిటికీ వైపు తిరిగి కంటికి పెట్టుకున్నాడు. గొట్టం తుడిచి మళ్లీ చూశాడు.

"అక్కా, నలభై ఉండాది. ఇంత ఉప్పులో ఈ పెద్ద చేపలన్నా ఎట్ట బతికినాయి?"

"ఎట్ట బతికినాయంటే," అంది కోమలి. వల చేతిలో పట్టుకుని తొట్టి వైపే చూస్తోంది. "బావ బస్సెక్కినాక దినమూ ఒక బకెట్ ఉప్పునీళ్ళు తీసేసి, మంచినీళ్ళు పోస్తా ఉంటి. అందుకని."

సాయంత్రాలు ముప్పై మూడున్నర ఎందుకయ్యేదో అప్పుడు తెలిసింది. రెండు నెలలు నేను ఇల్లంతా తవ్వి వెతికిన దొంగ ఒక ప్లాస్టిక్ బకెట్. ఆ అయిదు రోజులు అంకె కదలకుండా నిలబడిందంటే, నా పట్టుదలకు కాదు. బకెట్ ఎత్తే మనిషి నారాయణవనంలో ఉంది.

"నాకు చెప్పలేదే?" అన్నాను. ఆ ప్రశ్న వెయ్యడానికి నాకు సిగ్గుండాలి, అయినా వేశాను.

"మూడుతూర్లు చెప్పినా. నాలుగోతూరి చెప్పే ఓపిక లేక బకెట్ ఎత్తుకున్నా."

ఆఫ్తాబ్ గొట్టాన్ని తుడుస్తూ కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నాడు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఇక దాచి లాభం లేదని కాదు, దాచడానికి నాలో ఏమీ మిగల్లేదు. సీసా సంగతి, ఫ్యాను సంగతి, నేను రాసిన కాగితం సంగతి అన్నీ చెప్పేశాను.

"మీటరుది తప్పు లేదు మే. నాది. నిన్న అబద్ధం చెప్పినా. నువ్వు ఏయొద్దని చెప్పిపోయినాక రెండుతూర్లు ఉప్పేసినా. ఆ పిల్లలు నా చేతిలో పోయినాయి. నీ మీద ఏసినా."

కోమలి వలను కుర్చీ మీద పెట్టింది. చేపల గురించి ఏదో అంటుందనుకున్నాను.

"రెండో కట్టుకు నాయన ఒక్కడే పోయినాడు బావా," అంది. "బస్సులో సీటు లేదంట. నిలబడి పట్టుకునేదానికి చెయ్యి లేక మెట్ల మీద కూర్చున్నాడంట పుత్తూరు దాకా. నన్ను రమ్మని అడగలేదు. నేను పోతే ఈడ ఏందో పోతాదని నేనే నమ్మినా."

అమ్మకు ఈ సంగతి తెలియదు. ఆఫ్తాబ్ వైపు తిరిగింది.

"నువ్వు పోయిరా నాయనా. తొట్టి యాడికీ రాదు. నాకు హాల్లోనే గాలి బాగుండాది." నాతో మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు. అన్నం పెట్టి, కూర గిన్నె నాకు అందనంత దూరంలో పెట్టి వెళ్లిపోయేది.

ఆఫ్తాబ్ వెళ్తూ వెళ్తూ గొట్టాన్ని తొట్టి మీద వదిలేశాడు. "వాడుకోని ఇయ్యి అక్కా, తొందరేమీ లేదు," అన్నాడు. ఖాళీ ట్రాలీ వీధి చివర మలుపు తిరిగేదాకా నేను గేటు దగ్గరే ఉన్నాను. లోపలికి వెళ్లడానికి మొహం చెల్లలేదు.

ఉప్పును ఒక్కసారిగా దించితే చేపలు తట్టుకోలేవు. పది రోజులు పట్టింది. ఎంత తియ్యాలో కోమలి చెప్పేది, బకెట్లు నేను మోసేవాణ్ని. కొత్త సీసా తెచ్చాను. సరిచూసిన ప్రతిసారీ వాడింది మోరీలో పారబోశాను, అమ్మ చూస్తుండగానే. ఆమె మొహం తిప్పుకునేది. కోమలి మామూలుగానే ఉండేది. నవ్వేది, మాట్లాడేది, టిఫిన్ డబ్బా కట్టేది. బకెట్ల లెక్క దాటి తొట్టి సంగతి మాత్రం నాతో ఎత్తేది కాదు. మేత తిన్నాయా అని అడిగితే తిన్నాయనేది, అంతే. క్షమించిందో లేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

జూన్ రెండో వారంలో, గురువారం నాడు, పెంకు ముక్క మీద ఆడ చేప మళ్లీ గుడ్లు పెట్టింది. పెట్టిన ఎనిమిదో రోజుకి పగులుతాయి. అదే సమయానికి మామకు కట్టు విప్పే రోజు కూడా వచ్చింది. ఈసారి కోమలి ఎవరినీ అడగలేదు. ఆదివారం పొద్దున సంచీ సర్దుకుంది, మొదటి బస్సుకి అమ్మ కూడా బయల్దేరింది తమ్ముణ్ని చూడ్డానికి. గడప దగ్గర నాకేదైనా చెబుతుందేమోనని నిలబడ్డాను. ఉప్పు వెయ్యొద్దని కూడా అనలేదు. "బుధవారం సాయంత్రానికొస్తా బావా," అంది, అంతే.

సోమవారం సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే ఫోన్ చేసింది.

"ఎట్ట ఉండాయి?"

"ముప్పై అయిదు. పొద్దున గొట్టంలో కూడా సూసినా. ముప్పై అయిదే."

"అంకె అడగలేదు బావా. చేపలు ఎట్ట ఉండాయి?"

రెండేళ్లుగా అవి మా ఇంట్లో ఉన్నాయి, నేను వాటి వెనక గోడ మీది డబ్బానే చూశాను. స్టూలు లాక్కుని తొట్టి ముందు కూర్చున్నాను. కోమలి ఫోన్ పెట్టెయ్యకుండా అలాగే ఉంది.

"ఆడది పెంకు సుట్టూ తిరగతా ఉండాది," అన్నాను. "మగోడు గుడ్ల కాడనే ఉండాడు. రెక్కతో విసరతా ఉండాడు."

"ఆపకుండానా?"

"మధ్యలో ఆపతా ఉండాడు. ఆపి, నోటితో గుడ్లను తుడస్తా ఉండాడు. ఇదో, ఒకటి పీకి పారేసినాడు."

"తెల్లదేనా?"

"తెల్లదే. అదొక్కటే. మిగిలినవి తెల్లగా లేవు మే." గాజుకి మొహం ఆనించాను. "లోపల ఏందో మెరస్తా ఉండాది. ఒక్కో గుడ్డులో రెండు చుక్కలు. కండ్లు. కోమలీ, కండ్లు కనపడతా ఉండాయి. నన్నే సూస్తా ఉన్నట్టుండాయి."

అటువైపు ఎవరమ్మా అని మామ అడగడం, బావ అని ఆమె చెప్పడం వినిపించింది.

"నాయనకు రేపు కట్టు విప్పతారు," అంది. "నెలన్నరగా బిగించిన చెయ్యి, కదల్దంట. పొద్దునా సాయంత్రం నూనె రాసి, మెల్లిగా వంచి సాపాలంట. అత్తకు సేతకాదు."

"ఊ."

"బుధవారం వద్దామనుకున్నా. రాలేను బావా. శనివారం దాకా ఈడనే ఉంటా."

సరేనన్నాను. గుడ్లు పగిలేది గురువారం. ఆ సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసు.